చెడింది కిడ్నీ అంటున్నారు, మరి గుండె ఆగబోవడమేంటి? మావయ్య బరంపురంలో ఐసీయూలో ఉన్నారు

గుణుపూర్_కోడలు · శుక్రవారం రాత్రి 10:20

అందరికీ నమస్కారం. మాది రాయగడ జిల్లా గుణుపూర్. మావయ్యగారికి 63 ఏళ్ళు. బీపీ, సుగర్ ఉన్నాయి. రోజూ టెల్మిసార్టాన్, మెట్‌ఫార్మిన్ వేసుకుంటారు. పోయిన వారం వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. ఒళ్ళు నొప్పులంటే ఊళ్ళో ఆర్‌ఎంపీ నొప్పికి ఇంజక్షన్ చేసి, డైక్లోఫెనాక్ మాత్రలు ఇచ్చాడు. బీపీ మాత్ర ఒక్కరోజు కూడా మానకూడదని మావయ్యకి పట్టుదల. తిండి లేకపోయినా అది మాత్రం మింగారు. తర్వాత ఒంటేలు బాగా తగ్గిపోయింది. నీళ్ళు ఒంట్లో నిలవట్లేదు కదా, అందుకే అనుకున్నాం అందరం.

నిన్న పొద్దున్న మంచం దిగబోతే కాళ్ళలో పట్టు లేదు. నాడి 42. బరంపురం తెచ్చాం. ఈసీజీ కాగితం చూడగానే డాక్టరు పరిగెత్తుకొచ్చారు. పొటాషియం 7.2, కిడ్నీ పనితనం చెప్పే క్రియాటినిన్ 6.8. మొన్న సంక్రాంతికి చేయించినప్పుడు క్రియాటినిన్ 1.1 ఉంది.

"ఇంకాసేపు ఆలస్యమైతే గుండె ఆగిపోయేది" అన్నారు. అత్తయ్య పొద్దుట్నుంచి ఒకటే అడుగుతున్నారు: "ఆయనకి గుండె జబ్బు ఎన్నడూ లేదే, కిడ్నీ చెడితే గుండెకేం వచ్చింది?" డాక్టరుగారు ఒరియాలో గబగబా చెప్పి వెళ్ళిపోయారు. మా ఆయనకి ఒరియా బాగానే వచ్చు గానీ ఆ టెన్షన్‌లో ఏదీ బుర్రకెక్కలేదు. తెలిసినవాళ్ళు తెలుగులో చెప్పండి.

జయపురం_మాస్టారు · శుక్రవారం రాత్రి 10:41

ధైర్యంగా ఉండు తల్లీ. ఐసీయూలో పడ్డారంటే చూసేవాళ్ళ చేతిలో పడ్డట్టే. గుండె, కిడ్నీ ఒకే కాడికి కట్టిన జోడెద్దులు. ఒకటి నడక మధ్యలో కూలబడితే రెండోదాని మెడ మీదే భారమంతా. వివరం చెప్పడానికి మన డాక్టరుగారు రావాలి. ఆయన డ్యూటీ దిగితే తప్ప ఇటు చూడరు.

కొబ్బరితోట · శుక్రవారం రాత్రి 11:05

మాది ఇచ్ఛాపురం దగ్గర. అమ్మా, ఒంటేలు బిగిసిందంటే ఒంట్లో వేడి ఎక్కువైందని. లేత కొబ్బరి బోండాలు పూటకి రెండు పట్టండి. ఐసీయూ వాళ్ళు ఒప్పుకోకపోతే సీసాలో పోసి తీసుకెళ్ళండి. మా నాయన కాలం నుంచి ఇదే మందు.

డయాలసిస్_గది · శుక్రవారం రాత్రి 11:09

అక్కా, పైన రాసింది చేయొద్దు. దయచేసి చేయొద్దు. పొటాషియం 7.2 ఉన్న మనిషికి బోండాం నీళ్ళు పట్టడమంటే ఆ 7.2ని ఇంకా పైకి తోయడమే. నేను డయాలసిస్ టెక్నీషియన్‌ని, రాయగడలో ఉంటాను. వేసవిలో మా దగ్గరికి ఇలా వచ్చేవాళ్ళు ఉంటారు.

వార్డు_డాక్టరు · శనివారం ఉదయం 6:30

రాత్రి డ్యూటీ, ఇప్పుడే చూశాను. కొంచెం పొడుగ్గా రాస్తాను. మీ అత్తయ్యగారికి చదివి వినిపించండి.

కిడ్నీ అంటే ఒంటేలు తయారుచేసే పరికరమని మాత్రమే అనుకుంటాం. గుండె నిమిషానికి తోడే రక్తంలో ఇరవై నుంచి ఇరవై ఐదు శాతం ఆ రెండు కిడ్నీలకే వెళుతుంది. రోజుకు దాదాపు 180 లీటర్లు వడగడతాయి, అందులో ఒకటి రెండు లీటర్లే బయటికి పోతుంది. ఈ పని నడుస్తుంటేనే రక్తంలో ఉప్పు, నీరు, ఆమ్లం, పొటాషియం సరైన కొలతలో ఉంటాయి. గుండె కొట్టుకోవడానికి ఆ కొలతలు తప్పకూడదు. అందుకే కిడ్నీ నెమ్మదిగా ఏళ్ళ తరబడి చెడితే శరీరం కొంత సర్దుకుంటుంది గానీ, గంటల్లో, రోజుల్లో పడిపోతే ముందు ప్రమాదంలో పడేది గుండె. కిడ్నీ ఆగినందుకు వెంటనే చనిపోయేవాళ్ళు తక్కువ. దాని మూలంగా గుండె లయ తప్పి, లేదా ఊపిరితిత్తుల్లో నీరు నిండి పోతారు.

మీ మావయ్యగారి విషయంలో మొదటి దెబ్బ పొటాషియం. మన ఒంట్లో ఉన్న పొటాషియంలో 98 శాతం కణాల లోపలే ఉంటుంది. బయట రక్తంలో ఉండేది కొసరు. మామూలుగా 3.5 నుంచి 5 మధ్య. ఈ లోపలా బయటా తేడా వల్లే గుండె కండరానికి విద్యుత్తు పుడుతుంది. తిండిలో వచ్చిన పొటాషియంలో తొంభై శాతం దాకా పంపించేసేది కిడ్నీయే. అది ఆగిపోతే బయట పొటాషియం పెరిగి ఆ తేడా తగ్గుతుంది, గుండెలో విద్యుత్తు ప్రయాణం మందగిస్తుంది. ఈసీజీ గీతలో (టి, పి, క్యూఆర్‌ఎస్ అనేవి ఒక్కో గుండె దెబ్బకి ఆ గీతలో కనబడే భాగాల పేర్లు) ముందు టి అల గుడారంలా సూదిగా లేస్తుంది. తర్వాత పి అల చదునవుతుంది, నాడి నెమ్మదిస్తుంది, క్యూఆర్‌ఎస్ వెడల్పవుతుంది. ఇంకా ముదిరితే అన్నీ కలిసిపోయి ఒకటే పెద్ద అలలా కనిపిస్తుంది. ఆ పైన గుండె వణుకుతుంది లేదా ఆగిపోతుంది. కాళ్ళలో పట్టు లేకపోవడం కూడా పొటాషియం పనే.

ఇంకో మాట. ఈసీజీ ఎప్పుడూ ఈ వరసలోనే నడవదు. పొటాషియం బాగా ఎక్కువున్నా కొందరికి ఈసీజీ దాదాపు మామూలుగా ఉండి, ఒక్కసారిగా లయ తప్పుతుంది. అందుకే "ఈసీజీ బాగుంది, రేపు చూద్దాం" అనకూడదు.

కొబ్బరితోట గారూ, మీ నాయనగారి మందు విరేచనాలు మొదలైన రోజున, ఒంటేలు బాగా వస్తున్నప్పుడు పనికొస్తుంది. అదే నీళ్ళు ఒంటేలు ఆగాక ప్రమాదం. వంద మిల్లీలీటర్ల బోండాం నీళ్ళలో సుమారు 250 మిల్లీగ్రాముల పొటాషియం ఉంటుంది. ఓఆర్‌ఎస్‌లో ఉన్నదానికి రెండింతలకు పైనే.

గుణుపూర్_కోడలు · శనివారం ఉదయం 7:15

డాక్టరుగారూ, చదివి వినిపించాను. అత్తయ్య కాస్త తేరుకున్నారు. నిన్న చేతికి ఏదో తెల్లటి ఇంజక్షన్ చాలా నెమ్మదిగా ఎక్కించారు, తర్వాత ఇన్సులిన్ అన్నారు. సుగర్ 160 ఉంటే ఇన్సులిన్ ఎందుకు, అందులోనూ గ్లూకోజ్ కలిపి ఎందుకు? మా ఆయన అక్కడ గొడవ పెట్టుకోబోయారు.

వార్డు_డాక్టరు · శనివారం ఉదయం 7:40

గొడవ పడకపోవడం మంచిదైంది. మొదటిది కాల్షియం గ్లూకోనేట్ అయి ఉంటుంది. పది శాతం ద్రావణం పది మిల్లీలీటర్లు, రెండు మూడు నిమిషాలు పట్టేలా, మానిటర్ చూస్తూ ఇస్తాం. అది పొటాషియాన్ని ఒక్క చుక్క కూడా తగ్గించదు. గుండె కండరాన్ని మాత్రం స్థిమితపరుస్తుంది. నిమిషాల్లో పనిచేస్తుంది, అరగంట నుంచి గంట వరకు నిలుస్తుంది. ఈలోగా మిగతా పని జరగాలి.

ఇన్సులిన్ సుగర్ కోసం కాదు. అది పొటాషియాన్ని కణాల లోపలికి తోస్తుంది. మామూలుగా పది యూనిట్లు, సుగర్ పడిపోకుండా పాతిక గ్రాముల గ్లూకోజ్‌తో ఇస్తారు. కిడ్నీ పనిచేయనప్పుడు ఇన్సులిన్ ఒంట్లో ఎక్కువసేపు ఉండిపోతుంది కాబట్టి తర్వాత కొన్ని గంటలు సుగర్ చూస్తూనే ఉండాలి. వాళ్ళు వేలికి గుచ్చుతుంటే విసుక్కోకండి. ఆయాసం ఉన్నవాళ్ళకి పెట్టే సాల్బుటమాల్ ఆవిరి కూడా ఇదే పని చేస్తుంది. ఇవన్నీ దాచిపెట్టడమే, బయటికి పంపడం కాదు. బయటికి పోవాలంటే ఒంటేలు రావాలి, లేదా డయాలసిస్ కావాలి.

మందుల_కొట్టు · శనివారం ఉదయం 9:02

పర్లాకిమిడి నుంచి. నాకు ఈ కథలో కనబడేది మందుల వరస. విరేచనాలతో ఒళ్ళు ఎండిపోయింది. దాని మీద డైక్లోఫెనాక్. దాని మీద టెల్మిసార్టాన్. నొప్పి మాత్ర కిడ్నీ లోపలికి వచ్చే రక్తనాళాన్ని బిగిస్తుంది. టెల్మిసార్టాన్ బయటికి పోయే నాళాన్ని వదులు చేస్తుంది. లోపల వడగట్టడానికి కావలసిన ఒత్తిడి రెండు వైపులా పోతుంది. మామూలు రోజుల్లో ఇది తట్టుకుంటారు, నీళ్ళు లేని ఒంటికి తట్టుకునే శక్తి ఉండదు. పైగా టెల్మిసార్టాన్ కూడా పొటాషియాన్ని నిలబెడుతుంది. నీరు తీసే మాత్ర కూడా వాడుతుంటే ఇక చెప్పక్కర్లేదు. ఈ మూడూ కలిసిన చీటీ వస్తే నేను అడుగుతాను: వాంతులు విరేచనాలు ఉన్నాయా?

మా కౌంటర్ దగ్గర రోజంతా వినబడే మాట "ఒక నొప్పి మాత్ర ఇయ్యి". చీటీ అడిగితే మొహం మాడ్చుకుని పక్క కొట్టుకి పోతారు. పక్క కొట్టువాడు ఇస్తాడు. నేనేం చేయను?

జయపురం_మాస్టారు · శనివారం ఉదయం 9:30

మందుల కొట్టు వాడు నొప్పి మాత్ర ఇవ్వనన్న రోజు మా వీధిలో పెళ్ళి చేస్తాను. కానీ మీరు చెప్పింది ముఖ్యమైన మాట. మరి విరేచనాలప్పుడు బీపీ మాత్ర మానేయాలా? మానితే పక్షవాతం వస్తుందని ఇంకో డాక్టరు బెదిరిస్తాడు.

వార్డు_డాక్టరు · శనివారం ఉదయం 10:10

మాస్టారూ, అందరూ సొంతంగా మానేయమని ఈ వేదిక మీద రాయలేను. వాంతులు, విరేచనాలు ఆగకుండా ఉండి నీళ్ళు నిలవకపోతే, టెల్మిసార్టాన్ లాంటివి, నీరు తీసే మాత్రలు, మెట్‌ఫార్మిన్, ఇంకా పేరు చివర 'గ్లిఫ్లోజిన్' అని ఉండే కొత్త సుగర్ మాత్రలు తాత్కాలికంగా ఆపాలా అని ఆ రోజే మీ డాక్టరుకి ఫోన్ చేసి అడగండి. చాలామందికి "ఆపండి, తిండి మొదలయ్యాక మళ్ళీ వేసుకోండి" అనే చెబుతాం. ఆ సమయంలో బీపీ ఎలాగూ తక్కువే ఉంటుంది. గుండె బలహీనంగా ఉన్నవాళ్ళ లెక్క వేరు, అందుకే అడగమంటున్నాను. నొప్పి మాత్రలు మాత్రం అడగక్కర్లేదు, ఆపేయడమే.

విశాఖ_మరిది · శనివారం మధ్యాహ్నం 1:25

నేను పై పోస్టు పెట్టినావిడ మరిదిని. వదినా, నువ్వు ఇక్కడ రాస్తున్నావని అన్నయ్య చెప్పాడు. అందరికీ ఒక ప్రశ్న. క్రియాటినిన్ 6.8 ఉంటే నిన్న రాత్రే డయాలసిస్ పెట్టాలి కదా? వాళ్ళు "చూద్దాం" అంటున్నారు. ఇప్పుడేమో ట్రోపోనిన్ పాజిటివ్ వచ్చింది, గుండెకి కూడా దెబ్బ అంటున్నారు. నాకు అర్థమైంది ఏంటంటే గుండెపోటు వచ్చింది, వీళ్ళకి చేతకావట్లేదు. నేను అంబులెన్స్ మాట్లాడాను, విశాఖ తెచ్చి యాంజియోగ్రామ్ చేయిద్దామని.

డయాలసిస్_గది · శనివారం మధ్యాహ్నం 1:50

అన్నా, అంబులెన్స్ కొంచెం ఆపు. పొటాషియం ఇప్పుడెంత? ఒంటేలు గంటకెంత వస్తోంది? ఆయాసం ఉందా? ఈ మూడూ తెలియకుండా బరంపురం నుంచి విశాఖ దాకా దారిలో పెట్టకూడదు. మా దగ్గరికి అలా దారిలో పెట్టి తెచ్చిన వాళ్ళని చూశాను.

విశాఖ_మరిది · శనివారం మధ్యాహ్నం 2:15

పొటాషియం 5.9కి దిగింది. ఒంటేలు రాత్రంతా కలిపి 150 మిల్లీ. పడుకుంటే ఆయాసం, దిండ్లు వేసి కూర్చోబెట్టారు. మనిషి బరువు 60 కిలోలు.

డయాలసిస్_గది · శనివారం మధ్యాహ్నం 2:32

లెక్క చూడు. కిలోకి గంటకి అర మిల్లీలీటర్ రావాలి. 60 కిలోల మనిషికి గంటకి 30. రాత్రి పది గంటలనుకుంటే 300 రావాలి, వచ్చింది సగం. ఎక్కించిన సెలైన్ ఎటు పోయినట్టు? ఒంట్లోనే ఉంది. కిడ్నీ తీయకపోతే ఆ నీరు రక్తనాళాల్లో నిండి, గుండె తోయలేక, వెనక్కి ఊపిరితిత్తుల్లోకి కారుతుంది. పడుకుంటే ఆయాసం అందుకే. మా గదిలో యంత్రం పెట్టి రెండు లీటర్లు తీయగానే, కూర్చుని ఎగశ్వాస తీసిన మనిషి దుప్పటి కప్పుకుని నిద్రపోతాడు.

వార్డు_డాక్టరు · శనివారం సాయంత్రం 4:45

విశాఖ_మరిది గారూ, మీ ఆదుర్దా అర్థమైంది. రెండు ప్రశ్నలు వేరు వేరుగా.

డయాలసిస్ క్రియాటినిన్ అంకె చూసి పెట్టరు. పొటాషియం మందులకి లొంగకపోయినా, ఊపిరితిత్తుల్లో నీరు చేరి ఒంటేలు రాకపోయినా, రక్తంలో ఆమ్లం మరీ పెరిగినా, మత్తుగా అయిపోయినా, గుండె చుట్టూ పొర వాచినా పెడతాం. ఇవేవీ లేకుండా ముందే పెడితే లాభం ఉందా అని మూడు వేల మంది ఐసీయూ రోగుల మీద స్టార్ట్-ఏకేఐ అనే పెద్ద పరీక్ష జరిగింది. 2020లో ఫలితాలు వచ్చాయి. ముందుగా పెట్టినవాళ్ళలోనూ, ఆగి చూసినవాళ్ళలోనూ 90 రోజుల్లో చనిపోయినవాళ్ళ శాతం దాదాపు ఒకటే, రెండు వైపులా 44కి కాస్త అటూ ఇటూ. ముందుగా పెట్టినవాళ్ళలో తర్వాత కూడా డయాలసిస్ మీద ఉండిపోయినవాళ్ళు ఎక్కువ. కాబట్టి "చూద్దాం" అనడం చేతకానితనం కాదు. అయితే మీరు ఇప్పుడు చెప్పిన వివరంతో, ఒంటేలు తక్కువ, పడుకుంటే ఆయాసం, ఇవాళ పెట్టాల్సిన పరిస్థితి వచ్చినట్టే ఉంది. ఆ మాట అక్కడి డాక్టరుని సూటిగా అడగండి.

ఇక ట్రోపోనిన్. గుండె కండరానికి ఏ దెబ్బ తగిలినా ఇది రక్తంలోకి వస్తుంది. నాళం మూసుకుపోవడం అందులో ఒక కారణం మాత్రమే. కిడ్నీ ఒక్కసారిగా దెబ్బతిన్నప్పుడు నీటి భారం, ఆమ్లం, ఒంట్లో పుట్టే మంట (ఇన్‌ఫ్లమేషన్), అన్నీ కలిసి కండరాన్ని నలిపితే ట్రోపోనిన్ పెరుగుతుంది. అడగాల్సినవి ఇవి: మూడు గంటల తర్వాత మళ్ళీ తీస్తే అంకె ఎంత మారింది? ఛాతీలో నొప్పి ఉందా? ఈసీజీలో గుండెపోటు గుర్తులున్నాయా? ఎకోలో, అంటే గుండె స్కానింగ్‌లో, గుండె గోడ ఒక చోటే కదలట్లేదా, అంతా కలిపి నెమ్మదిగా కదులుతోందా? ఒకే చోట అయితే నాళం గురించి ఆలోచించాలి. నిజంగా పెద్ద గుండెపోటు అయితే కిడ్నీ ఉన్నా లేకున్నా యాంజియోగ్రామ్ చేస్తాం. కాకపోతే, దెబ్బతిన్న కిడ్నీ మీద యాంజియోగ్రామ్‌కి వాడే రంగు మందు ఎక్కించడానికి తొందర దేనికి?

విశాఖ_మరిది · శనివారం సాయంత్రం 5:30

అంబులెన్స్ వద్దని చెప్పాను. ఆ నాలుగు ప్రశ్నలూ అన్నయ్యకి వాట్సాప్‌లో పంపాను.

ప్రాణహిత_ఒడ్డు · శనివారం రాత్రి 8:12

నేను గడ్చిరోలి జిల్లా సిరొంచ నుంచి. మా దిక్కు ఇది విరేచనాలతో కాదు, పాములతో ఎక్కువ. పోయిన వానాకాలం వరి నాట్లప్పుడు మా తమ్మునికి రక్తపింజర కరిచింది. ముందు చిగుళ్ళ నుంచి రక్తం. విషానికి మందు ఎక్కించిన్రు, రక్తం ఆగింది, ఇగ గండం గడిచిందనుకున్నం. మరునాటికి మూత్రం ఎర్రగా వచ్చి ఆగిపోయింది. వరంగల్ తీసుకపోయినం. అక్కడ కూడా గిదే మాట, గుండె మీద పడుతుంది అన్నరు. ఎందుకని ఎవ్వరు విప్పి చెప్పలే. ఇక్కడ చదివితే ఇప్పుడు తెలిసింది. పాము కాటులో పొటాషియం ఇంకా తొందరగా పెరుగుతదా డాక్టర్ సాబ్?

వార్డు_డాక్టరు · శనివారం రాత్రి 10:50

పెరగవచ్చు. రక్తపింజర విషం ఎర్ర రక్తకణాలను పగలగొడితే వాటి లోపలి పొటాషియం అంతా బయటపడుతుంది. అసలే కిడ్నీ మూతపడింది, పైగా లోపలి నిల్వ రక్తంలోకి వచ్చి పడుతోంది. కండరాలు నలిగిన కేసుల్లోనూ ఇంతే. గోడ కూలి కింద పడ్డవాళ్ళు, ఎండదెబ్బ తిన్నవాళ్ళు. మా కోరాపుట్, మల్కాన్‌గిరి వైపు ముదిరిన ఫాల్సిపారం మలేరియాలో కూడా మూత్రం నల్లగా మారి కిడ్నీ పడిపోతుంది. పొలాల్లో ఎలుకల మూత్రం వల్ల వచ్చే లెప్టోస్పైరోసిస్ ఇంకో రకం. అది కిడ్నీనీ, గుండె కండరాన్నీ రెండింటినీ నేరుగా పట్టగలదు, కాబట్టి ఏది ముందు చెడిందో విడదీయడం కష్టం.

కాటు తర్వాత ఒంటేలు కొలవడం మానకూడదు. మీ తమ్ముడు ఇప్పుడెలా ఉన్నాడు?

ప్రాణహిత_ఒడ్డు · శనివారం రాత్రి 11:04

బాగనే ఉన్నడు. పత్తి ఏరుతున్నడు. పరీక్షకు మళ్ళ పోలే. పోవాల్నా?

వార్డు_డాక్టరు · శనివారం రాత్రి 11:20

పోవాలి. ఎందుకో రేపు రాస్తాను, కళ్ళు మూతలు పడుతున్నాయి.

గుణుపూర్_కోడలు · ఆదివారం ఉదయం 8:00

నిన్న సాయంత్రమే డయాలసిస్ పెట్టారు. రాత్రి వెల్లకిలా పడుకుని నిద్రపోయారు. పొటాషియం 4.8. ఎకోలో గుండె పనితనం 40 శాతం అన్నారు. ఒక చోట అని కాదు, గుండె అంతా నెమ్మదిగా ఉందట. ట్రోపోనిన్ రెండోసారి తీస్తే పెద్దగా మారలేదు. యాంజియోగ్రామ్ ఇప్పుడు అక్కర్లేదన్నారు. మా మరిది ఊరుకున్నాడు. ఇంకో కొత్త మాట అన్నారు, రక్తంలో ఆమ్లం 7.14 అని. ఆమ్లం కూడా గుండెకేనా?

వార్డు_డాక్టరు · ఆదివారం ఉదయం 11:35

చాలా మంచి వార్త. ఆమ్లం కూడా గుండెకే. మీరు చెప్పిన అంకెని పీహెచ్ అంటారు, అది 7.35 నుంచి 7.45 మధ్య ఉండాలి. అంకె తగ్గితే ఆమ్లం పెరిగినట్టు. 7.2 కిందికి పోతే గుండె కండరం పిండే బలం తగ్గుతుంది, బీపీ నిలబెట్టే ఇంజక్షన్లు ఇచ్చినా సరిగా స్పందించదు. పొటాషియం కూడా కణాల్లోంచి బయటికి జారుతుంది. కిడ్నీ పడిపోయినప్పుడు మెట్‌ఫార్మిన్ పేరుకుంటే ఆ ఆమ్లం ఇంకా పెరుగుతుంది. గుండె పనితనం 40 శాతానికి పడిపోవడంలో ఈ ఆమ్లం వాటా ఎంతో కొంత ఉంటుంది, అందుకే ఆ పనితనం తిరిగి పెరుగుతుందని నా ఆశ.

మిగతా వాటా చూడండి, ఇది నాకు చాలా ఆసక్తి ఉన్న సంగతి. నీరు, పొటాషియం, ఆమ్లం మూడూ సరిచేసినా కొందరిలో గుండె నెమ్మదిగానే ఉంటుంది. ఎందుకు? 2003లో ఎలుకల మీద చేసిన ప్రయోగంలో కిడ్నీకి కాసేపు రక్తం ఆపి వదిలారు. గుండెను ఎవరూ ముట్టుకోలేదు. అయినా రెండు రోజుల్లో గుండెలో మంట పుట్టించే రసాయనాలు పెరిగాయి, గుండె కణాలు కొన్ని చనిపోయాయి, ఎడమ గది సాగింది. అందులో ఒక రసాయనాన్ని అడ్డుకుంటే కణాల చావు తగ్గింది. అంటే దెబ్బతిన్న కిడ్నీ నుంచే రక్తం ద్వారా గుండెకి దెబ్బ చేరుతోంది. తర్వాతి ప్రయోగాల్లో గుండె కణాల్లో శక్తి తయారుచేసే మైటోకాండ్రియా ముక్కలవడం కూడా చూశారు. మనుషుల్లో దీన్ని అడ్డుకునే మందు ఇంకా వాడుకలోకి రాలేదు.

ఈ గుండె–కిడ్నీ జబ్బులని 2008లో ఇటలీ డాక్టరు క్లాడియో రోంకో బృందం ఐదు రకాలుగా విడగొట్టింది. మీ మావయ్యగారిది మూడోది, ముందు కిడ్నీ హఠాత్తుగా చెడి తర్వాత గుండె చెడేది. మొదటి రకం దీనికి తిరగబడి ఉంటుంది, గుండె ముందు, కిడ్నీ తర్వాత. డిశ్చార్జ్ కాగితం మీద ఆ మాట ఉంటే కంగారు పడకండి.

ఇదే ప్రాణహిత గారికి కూడా జవాబు. 2017లో 25 అధ్యయనాలను, రెండున్నర లక్షల మందికి పైగా రోగులను కలిపి చూస్తే, ఒకసారి కిడ్నీ ఇలా దెబ్బతిన్నవాళ్ళకి తర్వాతి కాలంలో గుండె వైఫల్యం ముప్పు 58 శాతం, గుండెపోటు ముప్పు 40 శాతం ఎక్కువ కనబడింది. ఇందులో కొంత ముందునుంచీ ఉన్న సుగర్, బీపీ వల్ల కావచ్చు. మీ తమ్ముడు కుర్రవాడు, అంత భయం లేదు. కానీ క్రియాటినిన్, మూత్రంలో అల్బుమిన్ అనే ప్రొటీన్, బీపీ ఈ మూడూ చూపించాలి. మూడు నెలలకే చూపించి ఉండాల్సింది, ఇప్పుడైనా పోనివ్వండి.

కొబ్బరితోట · ఆదివారం మధ్యాహ్నం 12:10

సరే, బోండాం సంగతి ఒప్పుకుంటున్నాను. కానీ మా ఉద్దానం వైపు ఇంటికొక కిడ్నీ జబ్బు మనిషి. వాళ్ళకి కూడా ఇలా గుండె ఆగుతుందా?

డయాలసిస్_గది · ఆదివారం మధ్యాహ్నం 12:40

ఉద్దానం వాళ్ళది ఏళ్ళ తరబడి నెమ్మదిగా పోయే రకం, ఇది వేరు. కానీ వాళ్ళు డయాలసిస్ ఒక వారం ఎగ్గొడితే ఇదే కథ: పొటాషియం, నీరు, ఆయాసం. పలాసలో 2023 డిసెంబరులో కిడ్నీ ఆసుపత్రి తెరిచారు కదా, మీవాళ్ళకి ఇప్పుడు దూరం తగ్గింది. పండగలప్పుడు ఎగ్గొట్టనివ్వకండి. ఇంకొకటి, 'బీపీకి మంచిది, సోడియం తక్కువ' అని అమ్మే ఉప్పు. అందులో సోడియం బదులు పొటాషియం కలుపుతారు. కిడ్నీ జబ్బు ఇంట్లో అది ఉండకూడదు.

జయపురం_మాస్టారు · ఆదివారం సాయంత్రం 6:00

నాకొక సందేహం. ల్యాబు వాళ్ళు రక్తం సరిగా తీయకపోతే పొటాషియం ఎక్కువ చూపిస్తుందట కదా. నాకు పోయినసారి 6.1 అని ఇచ్చి, మళ్ళీ తీస్తే 4.4 వచ్చింది. ఆ రాత్రి మా ఇంట్లో ఎవరూ నిద్రపోలేదు.

వార్డు_డాక్టరు · ఆదివారం రాత్రి 9:15

నిజమే. గట్టిగా కట్టి పిడికిలి బిగించినా, సన్న సూదితో లాగి గొట్టంలోనే కణాలు పగిలినా దొంగ అంకె వస్తుంది. శాంపిల్ బరంపురమో విశాఖో ఆలస్యంగా చేరినా అంతే. మనిషి బాగుండి, ఒంటేలు బాగా వస్తూ, ఈసీజీ మామూలుగా ఉంటే మళ్ళీ తీయించాలి. కానీ ఒంటేలు తగ్గిన మనిషికి అంకె ఎక్కువొస్తే అది నిజమనుకునే వైద్యం మొదలుపెడతాం, రెండో శాంపిల్ దాని వెనకాల పోతుంది.

గుణుపూర్_కోడలు · తరువాతి శనివారం

వార్డుకి మార్చారు. ఒంటేలు ఇప్పుడు ఎక్కువే వస్తోంది, రోజుకి మూడు లీటర్లు దాటుతోంది. డయాలసిస్ గొట్టం తీసేశారు. క్రియాటినిన్ 2.3. ఎకో మళ్ళీ చేస్తే 52 శాతం. సోమవారం పంపిస్తామంటున్నారు. టెల్మిసార్టాన్, మెట్‌ఫార్మిన్ రెండూ ఆపేసి, బీపీకి ఆమ్లోడిపిన్, సుగర్‌కి ఇన్సులిన్ రాశారు. పాత మాత్రలు ఇంట్లో రెండు నెలలకి సరిపడా ఉన్నాయి. మావయ్య అవి పారేయనివ్వరు, "మళ్ళీ మొదలుపెట్టాలి కదా" అంటున్నారు. మొదలుపెట్టాలా?

మందుల_కొట్టు · తరువాతి శనివారం

చీటీ లేకుండా మొదలుపెట్టకండి. బిల్లు ఉంటే కొన్నచోట వెనక్కి అడిగి చూడండి, విడి షీట్లు కాకపోతే కొందరం తీసుకుంటాం.

వార్డు_డాక్టరు · తరువాతి శనివారం, రాత్రి

రోజుకి మూడు లీటర్లు పోతుంటే ఇప్పుడు భయం తిరగబడింది. పొటాషియం మరీ పడిపోవచ్చు, ఒళ్ళు ఎండిపోవచ్చు. పొటాషియం తక్కువైనా గుండె లయ తప్పుతుంది. కాబట్టి ఇంటికి వెళ్ళాక మొదటి వారంలోనే క్రియాటినిన్, పొటాషియం గుణుపూర్‌లోనో పర్లాకిమిడిలోనో చేయించండి. పొద్దున్నే బరువు చూసి రాసిపెట్టండి. రెండు రోజుల్లో రెండు కిలోలు పెరిగితే, పాదాలు వాస్తే, పడుకుంటే ఆయాసం వస్తే మళ్ళీ బరంపురమే.

టెల్మిసార్టాన్ చెడ్డ మందు కాదు. క్రియాటినిన్ ఒకచోట నిలబడ్డాక, సుగర్ ఉన్న మనిషి కాబట్టి, మళ్ళీ కావాలనే అంటారు. చిన్న మోతాదుతో మొదలుపెట్టి ఒకటి రెండు వారాల్లో పొటాషియం చూస్తారు. మెట్‌ఫార్మిన్ సంగతి కిడ్నీ ఎంతవరకు కోలుకుందో చూసి తేలుస్తారు. మూడు నెలలకి మూత్రంలో అల్బుమిన్, ఇంకో ఎకో. ఆర్‌ఎంపీ దగ్గరికి వెళితే మాత్రం ఈ డిశ్చార్జ్ కాగితం చూపించి, నొప్పి ఇంజక్షన్ వద్దని ముందే చెప్పండి. జ్వరానికి, నొప్పికి పారాసెటమాల్ చాలు.

విశాఖ_మరిది · తరువాతి శనివారం, రాత్రి

డాక్టరుగారూ, పొటాషియం పరీక్ష గుణుపూర్‌లో చేసి శాంపిల్ బయటికి పంపుతారట, రిపోర్టు మర్నాడు వస్తుందంటున్నారు. ఆలస్యమైతే దొంగ అంకె వస్తుందని మీరే రాశారు. పర్లాకిమిడి తీసుకెళ్ళమని వదినకి చెప్పనా?

వార్డు_డాక్టరు · తరువాతి శనివారం, రాత్రి

అక్కడికక్కడే మెషీన్ మీద చేసే ల్యాబు ఎక్కడుంటే అక్కడికి. ముందు ఫోన్ చేసి "సోడియం, పొటాషియం ఇక్కడే చేస్తారా, పంపుతారా" అని అడగండి. పొద్దున్నే వెళితే మధ్యాహ్నానికి అంకె చేతికొస్తుంది, ఏదైనా తేడా ఉంటే ఆ రోజే బరంపురం బయల్దేరవచ్చు. శనివారం సాయంత్రం మాత్రం ఇవ్వకండి, ఆదివారం ఆ కాగితం చూసేవాడు ఉండడు.